‘అతల కుతల’లో ‘కు’ ఎవరిది?

ముమ్మిడివరం:
పెద్దలందరికీ నమస్కారం. నేను ఒక డిజిటల్ కామిక్ గీస్తున్నాను. మన లంకల కింద మరొక లోకం ఉన్నదనీ, అక్కడి భటుడొకడు అంతర్వేది దగ్గర వసిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోట పైకి తేలి, మనుషుల తగవులు చూసి ఆశ్చర్యపోతూ కథ చెబుతాడనీ అనుకున్నాను. ఆ భటుణ్ణి నాకు ఇచ్చింది గజేంద్రమోక్షంలోని కందపద్యం. మా తాతగారు కంఠతా పట్టించిన ఆ పద్యం చివరి పాదం ఒకసారి "అతల కుతల భటు లదిరిపడన్" అని నోటికి వస్తుంది, మరొకసారి "అతల వితల" అని అంతే సాఫీగా వస్తుంది. ఏడు అధోలోకాలలో అతలం, వితలం ఉన్నాయి గాని కుతలం కనబడదు. ఇంతకీ నా భటుడు ఏ లోకంవాడు? క్యారెక్టర్ షీటు మీద పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉన్నది.

కొత్తపేట:
అమ్మా, పోతన్న పద్యాన్ని సగం గుర్తుపెట్టుకొని బొమ్మకు పూనుకోవడం సాహసమే. ముందు పూర్తి పాఠం చూడండి.

కరిఁ దిగుచు మకరి సరసికిఁ
గరి దరికిని మకరిఁ దిగుచు గరకరి బెరయన్
గరికి మకరి మకరికిఁ గరి
భర మనుచును నతల కుతల భటు లదిరిపడన్

‘కు’ అంటే భూమి. కుజుడు భూమికొడుకు, కుధరం భూమిని ధరించే కొండ. ఆ లెక్కన కుతలం అంటే భూతలం. అతలంలోని వీరులూ భూతలంలోని వీరులూ ఒకేసారి ఉలిక్కిపడ్డారని కవి చెబుతున్నాడు. మీరు అడిగినది ఒక భటుణ్ణి గురించి, పద్యంలో ఉన్నవి రెండు సేనలు.

పాలకొల్లు:
మాస్టారు గారి పాండిత్యానికి నమస్కరిస్తూనే ఒక మాట మనవి చేస్తాను. మా ఇంట్లో మూడు తరాలుగా ఈ పద్యం "అతల వితల" అనే పాఠంతోనే వినబడింది. ఛందస్సు దీనికి అడ్డు చెప్పదు. నాలుగవ పాదంలో యతి, అంటే అక్షరాల మైత్రి, ‘భర’కూ ‘భటు’కూ పడుతుంది కాబట్టి భటులను ఎవరూ కదిలించలేరు. మధ్యనున్న "ల కుతల" అనే నలగణంలో, అంటే నాలుగు లఘువుల గణంలో, ‘కు’ తీసి ‘వి’ పెట్టినా అది నలగణమే. పాదాల చివర తప్పనిసరిగా రావలసిన రెండు గురువులు తప్ప పద్యమంతా లఘువులతో నడిచింది, ‘వి’ కూడా లఘువే. అతలం తరువాత వితలం రావడం లోకాల వరుస. ఉన్న వరుసను వదిలి, జాబితాలో లేని లోకాన్ని కవి ఎందుకు తెస్తాడు?

కొత్తపేట:
చెవి పెట్టి వినండి. కరి, మకరి, గరకరి, మళ్ళీ కరికి మకరి, మకరికి కరి అని ‘క’కారం మూడు పాదాలు పొడుగునా దొర్లుతూ వస్తున్నది. నాలుగవ పాదంలో ఆ దొర్లుడుకు మిగిలిన ఒకే ఒక ఆధారం ‘కుతల’లోని ‘కు’. దానిని కూడా పీకేసి ‘వి’ పెడితే, పంటు ఒడ్డుకు చేరే సమయంలో ఇంజను ఆపినట్లు ఉంటుంది. ఛందస్సు ఒప్పుకున్న ప్రతి అక్షరాన్నీ పోతన్న ఒప్పుకోడు.

యానాం:
నాకు ఈ ఇద్దరి వాదమూ పుస్తకం లోపలే తిరుగుతున్నట్లు తోస్తున్నది. 1996 నవంబరు 6న తుపాను వచ్చిన మర్నాడు మా నాన్నగారు పెరట్లో పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య నిలబడి "అంతా అతలాకుతలమైపోయింది" అన్నారు. అప్పుడు ఆయన మనసులో లోకాలూ లేవు, సేనలూ లేవు. అతలకుతలం అనేది చిందరవందర లాంటి జంటమాట అని నా అభిప్రాయం. అందులో ‘కు’కు విడిగా అర్థం వెతకడం, ‘వందర’ అంటే ఏమిటని అడగడం లాంటిది. కాబట్టి ఆ భటులు ఏ లోకంవారో కాదు, చెదిరిపోయి కకావికలైన భటులు.

కొత్తపేట:
అయ్యా, మనం ఈనాడు వాడే అర్థాన్ని పదిహేనవ శతాబ్దపు పద్యానికి తొడగకూడదు. ఈ పద్యం నోళ్ళలో నానగా నానగా ఆ మాట పుట్టి ఉండవచ్చునని నేను అనుకుంటాను. కుండకు సారె పుట్టదు.

యానాం:
సారె ముందో కుండ ముందో తేల్చడానికి మీ దగ్గర నా దగ్గర ఉన్నంత ఆధారమే ఉన్నది. పైగా ‘అతలాకుతలం’ అని మధ్యలో దీర్ఘం ఎక్కడి నుంచి వచ్చింది? పద్యంలో ఆ దీర్ఘం లేదు, పెడితే గణం చెడుతుంది.

నరసాపురం:
అందరూ ‘కు’ అంటే భూమి అనే అర్థాన్నే పట్టుకున్నారు గాని, కుతర్కం, కుపుత్రుడు, కుగ్రామం అనే మాటలలోని ‘కు’ను ఎవరూ తలచుకోలేదు. చెడ్డ తలం కుతలం. అంటే రాక్షసులుండే అధోలోకాలన్నిటికీ కలిపి ఒక్క పేరు. అప్పుడు అతలమూ కుతలమూ రెండూ కిందివే అవుతాయి, చిత్రకారిణి గారికి ఒక్క జాతి భటులు సరిపోతారు.

ముమ్మిడివరం:
నరసాపురం వారి మాట నా పనికి తేలికే గాని, అలా అయితే నా భటుడి ముఖంలో దుర్మార్గం చూపవలసి వస్తుంది. అతడు దుర్మార్గుడని నాకు అనిపించడం లేదు. "కరికి మకరి, మకరికి కరి భరము" అని ఇద్దరి బలాన్నీ సమంగా తూచి చెప్పినవాడు కదా.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొదటి పుటలో ఏనుగు మెట్లు దిగుతున్నట్లు చెరువులోకి దిగే బొమ్మ గీసి, రంగులు కూడా వేసేశాను. "కరి దిగుచు" అనే గుర్తున్నది. మాస్టారు గారు పెట్టిన పాఠంలో ‘కరిఁ’ అని అరసున్న చూసిన తరువాత గాని అది ‘కరిని తిగుచు’ అని, అంటే మొసలి ఏనుగును లాగడమని తెలియలేదు. రెండు రోజుల పని పోయింది.

కొత్తపేట:
అరసున్న ఎంత పని చేస్తుందో ఇప్పుడైనా ఒప్పుకుంటారా? బుడగలలో పద్యం వేసేటప్పుడు అరసున్నలు వదలకండి. ఫాంటులో ఆ గుర్తు సరిగా పడుతున్నదో లేదో ముందే చూసుకోండి.

రామచంద్రపురం:
చర్చ ఆలస్యంగా చూశాను. చిత్రకారిణి గారికి ‘కు’ కన్న ‘అతల’ ఎక్కువ ఉపయోగపడుతుంది. వ్యాసభాగవతం పంచమస్కంధం 24వ అధ్యాయంలో ఈ ఏడు లోకాల వర్ణన ఉన్నది. అక్కడికి ఎండ సోకదు, మహాసర్పాల పడగల మీది మణులే చీకటిని పోగొడతాయి. అక్కడివారు దివ్యౌషధుల రసాలతో బతుకుతారు కాబట్టి వారికి ముడతలు, నెరిసిన జుట్టు, చెమట, అలసట ఉండవు. అతలంలో మయుడి కొడుకు బలుడు ఉంటాడు, అతడు పుట్టించిన మాయలు తొంభై ఆరు. వారికి మృత్యుభయం ఒక్క విష్ణుచక్రం వల్లనే. ఇప్పుడు పద్యానికి రండి. దేనికీ బెదరని ఆ భటులు ఒక ఏనుగూ మొసలీ పెనుగులాడుతుంటే ఎందుకు అదిరిపడ్డారు? ఆ పోరు చివర రాబోయేది చక్రమని వారికి ముందే తోచి ఉండాలి. ఇది నా ఊహే గాని, నాకు ఇష్టమైన ఊహ.

పాలకొల్లు:
చాలా బాగున్నది. అయితే అదే వాదం ‘వితల’కూ వర్తిస్తుంది. అసలు ‘సుతల’ అని ఎందుకు కాకూడదు? ‘సు’ కూడా లఘువే. సుతలంలో బలిచక్రవర్తి వాకిట వామనుడే కాపలా ఉన్నాడు, విష్ణుచక్రం అక్కడివారికి ఎదుటనే ఉంటుంది.

రామచంద్రపురం:
గజేంద్రమోక్షం జరిగినది నాలుగవదైన తామస మన్వంతరంలో. వామనుడు వచ్చినది ఏడవదైన వైవస్వతంలో. ఏనుగు మొరపెట్టుకునే నాటికి బలి సుతలానికి చేరనే లేదు. తమరు తొందరపడ్డారు.

పాలకొల్లు:
ఒప్పుకుంటున్నాను. ‘సు’ను ఉపసంహరించుకుంటున్నాను. ‘వి’ని మాత్రం వదలను.

ముమ్మిడివరం:
రామచంద్రపురం వారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నేను భటుణ్ణి నెరిసిన మీసాలతో, నుదుటి మీద చెమటతో, ఏటిగట్టు మీద కావలివాడిలా గీశాను. మీసాల లేయరు, చెమట లేయరు ఇప్పుడే తీసేశాను. ముఖం కుర్రవాడిదైపోయింది, కళ్ళు మాత్రం పాతవే ఉంచాను. వెలుగు పైనుంచి పడకుండా తలమీది మణి నుంచి కిందికి పడేటట్లు నీడలన్నీ తిరగరాస్తున్నాను. ఆకారమంతా నల్లగా నింపి ఫోను తెర మీద బొటనవేలంత చేసి చూస్తే, ఇంతకు ముందు ఎవరో సిపాయిలా ఉన్నవాడు ఇప్పుడు మణి ఒక్కదానితో ఆనవాలు పట్టేటట్లు ఉన్నాడు.

నరసాపురం:
ఆనవాలు అన్నారు కాబట్టి చెబుతున్నాను. పాత్రను అలంకారాలు తగిలించి కాదు, తీసేసి చూపడం పోతన్న దగ్గరే నేర్చుకోవాలి. "సిరికిం జెప్పఁడు" పద్యంలో విష్ణువు ఏమేమి చేయలేదో వరుసగా చెబుతాడు. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు చేతపట్టలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుడుణ్ణి సిద్ధం చేయలేదు, చెవిమీదికి జారిన జుట్టు సవరించుకోలేదు, పట్టుకున్న కొంగు కూడా వదలలేదు. చెవిమీది ఆ జుట్టు ఒక్కటి గీస్తే చాలు, ఆయన ఎంత తొందరలో లేచాడో తెలుస్తుంది. మా నరసాపురంలో పుట్టిన బాపు గారి గీతలోనూ నాకు నచ్చేది ఆ పొదుపే.

కొత్తపేట:
ఆ పద్యం జోలికి వెళితే రాత్రంతా చాలదు. "ధమ్మిల్లముఁ జక్కనొత్తఁడు" అన్న చోట ధమ్మిల్లం ఎవరిదో చెప్పగలరా? విష్ణువుదని మీరు నిశ్చయంగా అన్నారు.

నరసాపురం:
ఒత్తనివాడు విష్ణువు, జుట్టు మరొకరిదా? మాస్టారూ, దీనికి వేరే చర్చ మొదలుపెడదాం.

యానాం:
కాసేపటికి ఎవరో ఒకరు ‘గరకరి’ని కూడా లాగుతారు. చిత్రకారిణి గారూ, పేరు తేలిందా?

ముమ్మిడివరం:
తేలలేదండీ. ‘అతల’ వరకు సిరాతో రాశాను. తరువాతి అక్షరాన్ని విడిగా ఒక లేయరు మీద ఉంచాను. ‘కు’ పెడితే భటుడి పక్కన ఒండ్రుమట్టి రంగులో భూతలపు భటుడు మరొకడు నిలబడాలి, ‘వి’ పెడితే వాడు అక్కరలేదు. నిన్న రాత్రి ఊరికే ఆ రెండవవాణ్ణి కూడా గీసి చూశాను. వాడికి నెరిసిన మీసాలు బాగా కుదిరాయి.

కొత్తపేట:
అంటే ‘కు’ అన్నమాట.

పాలకొల్లు:
మీసాలు పాఠనిర్ణయం చేయవు మాస్టారూ.