ఏ బ్లేడ్ వేసినా మెడ మీద మంట, మీరేం వాడుతున్నారు?

మెడమీద_మంట
ఐదు బ్లేడ్ల కాట్రిడ్జిలకి డబ్బు పోసి పోసి విసుగొచ్చి, నెల కిందట డబుల్ ఎడ్జ్ రేజర్‌కి, అదే రెండువైపులా పదునున్న విడి బ్లేడ్ వేసుకునే సేఫ్టీ రేజర్‌కి మారాను. ఆస్ట్రా పచ్చది, ఫెదర్, సెవెన్ ఓ క్లాక్ నల్లది, పర్సోనా, సూపర్‌మాక్స్ తలా ఒక ప్యాకెట్ తెప్పించుకున్నాను. ఒక్కోదానితో రెండేసి షేవ్‌లు అయ్యాయి. బుగ్గల మీద అన్నీ ఒకలాగే ఉన్నాయి, నిజం చెప్పాలంటే తేడా తెలియట్లేదు. మెడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏది వేసినా కందిపోతోంది. సాయంత్రం దాకా కాలర్ తగిలితే చాలు, ప్రాణం పోతోంది. నాది ముతక గడ్డం, చర్మమేమో పల్చన. ఇలాంటివాళ్ళకి ఏ బ్లేడ్ నయం? ఒక బ్లేడ్ ఎన్ని షేవ్‌లకి వాడాలి? రేజర్ కూడా మార్చాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కూకట్‌పల్లి_కిరాక్
ఫెదర్. ఇంక వేరే మాట లేదు. జపాన్‌లో సెకీ అనే ఊళ్ళో తయారవుతుంది, వందల ఏళ్ళుగా కత్తులు చేసిన ఊరది. దాని పదును అలవాటైతే మిగతావన్నీ పెన్సిల్ చెక్కుకోవడానికే. రెండు షేవ్‌లు, మూడోరోజు పారేయడం. నాలుగేళ్ళుగా నాది ఇదే లెక్క.

పటిక_ముక్క
కిరాక్ బ్రో, పదును సంగతి ఎవరూ కాదనరు. కానీ నెల రోజుల కుర్రాడికి చెప్పే బ్లేడా అది? నేనూ మీలాంటివాళ్ళ మాట విని మొదటి నెలలోనే వేశాను. కాట్రిడ్జి అలవాటున ఒత్తి లాగాను. తప్పు బ్లేడ్‌ది కాదు, నాదే. దవడ కింద మూడు గాట్లు. అదీ పెళ్ళిచూపులకి బయలుదేరే పొద్దున. పటిక రుద్దినా ఆగక, చొక్కా కాలర్ మీద చుక్కలు పడితే అన్నయ్య చొక్కా వేసుకుని వెళ్ళాను. అమ్మాయి వాళ్ళ నాన్నగారు కాఫీ ఇస్తూ "ఏమైంది బాబూ?" అని అడిగారు. సంబంధం కుదిరిందిలెండి. కానీ ఇప్పటికీ మా ఆవిడ బాత్రూంలో పటిక కనిపిస్తే చాలు, నవ్వడం మొదలుపెడుతుంది.

డల్లాస్_బాబాయ్
నేను ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ పర్సోనానే. చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, పని చేస్తుంది, అంతే. మా ఇల్లు పాతది. పోయినేడు బాత్రూం పగలగొట్టించాం. అద్దం పెట్టె వెనక గోడలోంచి గుప్పెళ్ళకొద్దీ తుప్పు పట్టిన బ్లేడ్లు రాలాయి! పాత ఇళ్ళలో అద్దం పెట్టెకి వెనక సన్నటి చీలిక ఉండేదట. వాడిన బ్లేడ్ అందులో జారవిడిస్తే గోడ సందులో పడి అక్కడే ఉండిపోయేది. ఇల్లు కట్టినవాడు ఎంత ధీమాగా కట్టాడో చూడండి.

తాతగారి_గ్లాసు
రెండు షేవ్‌లకే పారేస్తున్నారా! డబ్బులు చెట్లకి కాస్తున్నాయన్నమాట. నాకు ఒక్కో బ్లేడ్ తక్కువలో తక్కువ పదిహేను రోజులు వస్తుంది. మా తాతగారు నేర్పిన పద్ధతి. గాజు గ్లాసు తీసుకుని, లోపలి గోడకి బ్లేడ్ ఆనించి, చూపుడువేలితో మెత్తగా అదిమి, అటూ ఇటూ పదిసార్లు రుద్దాలి. తిప్పి రెండోవైపు పదిసార్లు. గ్లాసు ఒంపుకి బ్లేడ్ ఒదిగి, అంచు తేరుతుంది. ఆయన ఒక ప్యాకెట్టుతో దాదాపు ఏడాది నెట్టుకొచ్చేవారు.

లోహవిద్య_రిటైర్డ్
ముప్పై నాలుగేళ్ళు ఉక్కుతో పనిచేసినవాణ్ణి, అందుకే ఇది చూసి ఊరుకోలేకపోతున్నాను. గ్లాసులో రుద్దడం కార్బన్ స్టీలు బ్లేడ్ల నాటి ముచ్చట. అప్పుడు అంచు వంగితే రుద్ది కాస్త సరిచేసుకునేవారు. 1960ల మొదట్లో విల్కిన్సన్ స్వోర్డ్ వాళ్ళ స్టెయిన్‌లెస్ బ్లేడ్, 1963లో జిల్లెట్ వాళ్ళది వచ్చాక కథ మారింది. ఇప్పటి బ్లేడ్ సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కు, మందం మిల్లీమీటరులో పదో వంతు. చాలా బ్లేడ్ల అంచుకి క్రోమియం, ప్లాటినం లాంటి పూత, దాని పైన టెఫ్లాన్ జాతి పూత ఉంటాయి. చర్మం మీద ఆ జారుడు వచ్చేది ఈ పైపూత వల్లే. మీరు గ్లాసులో రుద్ది గీకేస్తున్నది దాన్నే. ఇంకో సంగతి, 2020లో ఎంఐటీ వాళ్ళు సైన్స్ పత్రికలో రాశారు. ఉక్కు వెంట్రుక కన్నా 50 రెట్లు గట్టిది, అయినా వెంట్రుక తగిలిన చోట అంచు పెచ్చులూడుతుంది. మొద్దుబారడం అంటే అరగడం ఒక్కటే కాదన్నమాట. ఊడిన పెచ్చుని ఏ గ్లాసు అతికిస్తుందండీ?

తాతగారి_గ్లాసు
సార్, మీ చదువుకి దండం. నా గడ్డానికి సైన్స్ పత్రిక చదవడం రాదు. ఈ బ్లేడ్‌తో ఇవాళ తొమ్మిదో షేవ్, మంట లేదు, గాటు లేదు. దీనికేమంటారు?

లోహవిద్య_రిటైర్డ్
మీ గడ్డం పల్చన అంటాను.

తాతగారి_గ్లాసు
నా గడ్డం గురించి మీకేం తెలుసు? వ్యక్తిగతంగా వెళ్ళొద్దు.

కూకట్‌పల్లి_కిరాక్
గడ్డం గురించి మాట్లాడే చోట గడ్డం వ్యక్తిగతమా 😂

లోహవిద్య_రిటైర్డ్
నేను వ్యక్తిగతంగా అనలేదు. అసలు ఈ బ్లేడ్ పుట్టిందే పారేయడానికి. కింగ్ క్యాంప్ జిల్లెట్‌కి పేటెంట్ వచ్చింది 1904లో. అంతకు ముందు ఏడాది, అంటే 1903లో, అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఆ మరుసటి ఏడాది రేజర్లే తొంభై వేలు దాటాయి. ఇక మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకి...

పటిక_ముక్క
సార్, బ్లేడ్ల గురించి చెప్పమంటే బ్లేడ్ వేస్తున్నారు.

లోహవిద్య_రిటైర్డ్
సరే. మీరు గ్లాసులోనే రుద్దుకోండి.

నల్లగొండ_నాగు
అన్నా, అందరూ బ్లేడ్ మీదే పడ్డారు, నీళ్ళ సంగతి ఒక్కరూ అడగలే. హైదరాబాద్‌లో నా రూముకి బోరు నీళ్ళే. బకెట్ అంచుకి తెల్లగా పేరుకుంటది. ఆ నీళ్ళతో క్రీమ్ ఎంత కలిపినా నురగ నిలవదు, బుడగలు లేచి రెండు నిమిషాల్లో ఆరిపోతది. ఆరిన మొహం మీద ఏ బ్లేడ్ అయినా గీకుడే. పండక్కి ఊరికి పోతే మిషన్ భగీరథ నీళ్ళు, అదే రేజర్, అదే బ్లేడ్, వెన్నలెక్క పోతది. ఇప్పుడు రూంల ఒక మగ్గు ఫిల్టర్ నీళ్ళు వేడి చేసుకుంటున్న, గడ్డానికి మాత్రమే. ఓనర్ చూసి నవ్విండు, నవ్వనీ.

రాజోలు_రవి
నాగు గారూ, నూటికి నూరు శాతం. మా గోదావరి నీళ్ళకి ఏ క్రీమైనా చాలు.

కూకట్‌పల్లి_కిరాక్
వచ్చాడండీ గోదావరి నీళ్ళతో. పూతరేకులు, పులస అయిపోయాయి, ఇప్పుడు షేవింగ్ నురగ కూడా మీదేనా?

రాజోలు_రవి
ఉన్నమాట చెప్తే ఉలుకెందుకు? మీరు ఇక్కడికొచ్చి ఒక్క షేవ్ చేసుకుని చూడండి, రానూపోనూ బస్సు చార్జీ నాది.

డల్లాస్_బాబాయ్
నా టికెట్ కూడా వేస్తారా తమ్ముడూ? అన్నట్టు, విమానంలో వచ్చేవాళ్ళకి ఒక మాట. విడి బ్లేడ్లు చేతిసంచిలో పెట్టుకోకండి, సెక్యూరిటీలో తీసేస్తారు. లగేజీలో వేయండి. ఒకసారి ప్యాకెట్ మొత్తం పోగొట్టుకుని, దిగాక రెండు రోజులు మాసిన గడ్డంతో తిరిగితే మా అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అమెరికాలో ఏం కష్టాలు పడుతున్నాడో అని.

పద్మ_నిడదవోలు
నేను గడ్డం గీసుకునేదాన్ని కాదు, మావారు చూపిస్తే చదువుతున్నాను. రెండు షేవ్‌లకి పారేస్తాం, పదిహేనింటికి పారేస్తాం అని ఇంత కొట్టుకుంటున్నారు కదా, ఎక్కడ పారేస్తున్నారో ఒక్కరైనా చెప్పారా? మా వీధిలో చెత్తబండితో వచ్చే అమ్మాయి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని కనిపించింది. ఏమిటే అంటే విప్పి చూపించింది. కొబ్బరి పీచులో ఎవరో సగం బ్లేడ్ పడేశారట. ఎముక దాకా దిగినట్టుంది. అయినా మర్నాడు అదే చేత్తో మా ఇంటి బుట్ట ఎత్తుకుంది. ఆ రోజే మావారి బ్లేడ్లకి పాత పౌడర్ డబ్బా పెట్టాను. మూతకి చాకుతో గాటు పెట్టి, చుట్టూ టేపు వేశాను. మూడేళ్ళయింది, ఇంకా సగం కూడా నిండలేదు. దీనికి లోహవిద్యా అక్కర్లేదు, జపానూ అక్కర్లేదు.

పటిక_ముక్క
పద్మగారూ, సిగ్గుగా ఉంది. నేను కాగితంలో చుట్టి బుట్టలో వేస్తున్నాను. ఇవాళే డబ్బా పెడతాను.

తాతగారి_గ్లాసు
చూశారా, ఎక్కువ రోజులు వాడితే చెత్త కూడా తక్కువే కదా. నేను చెప్పేదీ అదే.

లోహవిద్య_రిటైర్డ్
మళ్ళీ మొదలా!

సత్తెనపల్లి_సెలూన్
మా నాన్న కుర్చీ దగ్గర పద్నాలుగో ఏట నిలబడ్డాను. ఇప్పుడు నాకు నలభై రెండు. రోజుకి పాతిక మొహాలు, ఆదివారమైతే యాభై. ఇక్కడ నాలుగేళ్ళ అనుభవం, నెల అనుభవం చూసి నవ్వొచ్చింది, ఏమీ అనుకోవద్దు.

మా దగ్గర మనిషికి సగం బ్లేడ్. కాగితం విప్పకుండానే నిలువునా మడిస్తే టప్‌మని రెండవుతుంది. కస్టమర్ చూస్తుండగా కొత్తది ఎక్కిస్తాం. కొందరు కుర్చీలో వాలాక కూడా "కొత్తదేనా?" అని తల ఎత్తి చూస్తారు. చూడాలి కూడా, హెచ్ఐవీ, కామెర్లు అన్నీ ఉన్న రోజులు. కాబట్టి ఒక బ్లేడ్ ఎన్ని షేవ్‌లు అనే గొడవ మాకు లేదు.

అసలు పోస్ట్ పెట్టిన తమ్ముడికి ఒక మాట. ఐదు రకాలు మార్చినా మెడ ఒక్కటే మండుతోందంటే లోపం బ్లేడ్‌లో ఉంటుందా? రెండు రోజులు గడ్డం పెరగనివ్వు. గొంతుముడి కింద వేళ్ళతో తడిమి చూడు. ఎటు నున్నగా జారితే అది వెంట్రుక వాలు, ఎటు గరుగ్గా తగిలితే అది ఎదురు. చాలామందికి అక్కడ వెంట్రుక కిందికి పెరగదు, పైకో పక్కకో తిరిగి ఉంటుంది. నువ్వు బుగ్గల లాగే మెడనీ పైనుంచి కిందికి లాగుతుంటావు. అంటే మొదటి గీతే రివర్స్ కొట్టేస్తున్నావు. పల్చటి చర్మానికి అది చాలు. అద్దం ముందు నిలబడి, ఎటు వాలు ఉంటే అటే గీయి. రేజర్ బరువే చాలు, చెయ్యి ఒత్తకు. రివర్స్ అసలు వద్దు, రెండు నెలలు ఆగు.

కూకట్‌పల్లి_కిరాక్
బాగుంది అన్నా, కానీ మీది కత్తి పట్టే చెయ్యి. సేఫ్టీ రేజర్ వేరు కదా. సెలూన్‌లో గీసే లెక్క ఇక్కడ పనికిరాదు.

సత్తెనపల్లి_సెలూన్
మెడ అదే కదా తమ్ముడూ.

మెడమీద_మంట
సెలూన్ అన్నగారూ, వేళ్ళతో తడిమి చూశాను. కుడివైపు వెంట్రుక చెవి వైపు పక్కకి వాలి ఉంది, ఎడమవైపు తిన్నగా పైకి. ఇరవై తొమ్మిదేళ్ళుగా నా మెడే, నాకే తెలియదు! పొద్దున అలాగే గీశాను. ఎడమవైపు కింది నుంచి పైకి, కుడివైపు పక్కకి. చేతిలో సెవెన్ ఓ క్లాక్ ఉంటే అదే వేశాను. కుడివైపు కొంచెం గరుకు మిగిలింది, కానీ ఎరుపు లేదు. ఇప్పుడు సాయంత్రం ఆరు, కాలర్ బొత్తం పెట్టుకునే ఉన్నాను. రేపు ఇదే తీరున ఆస్ట్రాతో చూస్తాను.

రాజోలు_రవి
ఏ నీళ్ళు వాడారు?

మెడమీద_మంట
బోరు నీళ్ళే అండీ.

పద్మ_నిడదవోలు
మరి డబ్బా పెట్టారా?

మెడమీద_మంట
హార్లిక్స్ సీసా పెట్టాను, మూతకి చిల్లు చేసి.

డల్లాస్_బాబాయ్
సీసా జారిపడితే పగులుతుంది బాబూ, రేకు డబ్బా చూసుకో.

తాతగారి_గ్లాసు
పగలడం అంటే గుర్తొచ్చింది. పదకొండో షేవ్‌కి రుద్దుతుంటే సబ్బు చేతుల్లోంచి జారి గ్లాసు పగిలింది. తాతగారి నాటిది. స్టీలు గ్లాసులో రుద్దితే పని చేస్తుందా? లోహవిద్య సార్ తప్ప ఎవరైనా చెప్పండి.