నెట్ సరిగ్గా రాని బడిలో ఇంటరాక్టివ్ ప్యానెల్ ఎలా వాడాలి? టచ్ కూడా తేడాగా ఉంది

మెళియాపుట్టి సైన్స్ మాస్టారు:
అందరికీ నమస్తే. మాది మెళియాపుట్టి వైపు జిల్లా పరిషత్ హైస్కూల్. పదో తరగతి గదిలో గోడకి వేలితో ముట్టి నడిపే, టీవీలాంటి పెద్ద ప్యానెల్ ఉంది, ఉందన్న మాటే గానీ దాంతో పడుతున్న బాధ అంతా ఇంతా కాదు. నెట్ చూస్తే కిటికీ దగ్గర ఒక గీత, ప్యానెల్ దగ్గరకొస్తే అదీ లేదు, వీడియో మధ్యలో గుండ్రంగా తిరుగుతూ ఆగిపోతే క్లాసు మళ్ళీ దారిలో పడేసరికి బెల్ కొట్టేస్తారు. ఇంకో విచిత్రం ఏంటంటే మొదటి పీరియడ్‌లో ఎవరూ ముట్టకుండానే తెర మీద గీతలు పడిపోతున్నాయి, పెన్ను ఒకచోట పెడితే గీత ఇంకోచోట వస్తోంది, మధ్యాహ్నానికి దానంతట అదే బాగైపోతోంది. సర్వీసు వాళ్ళకి ఫోన్ చేస్తే ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యమంటారు, అంతే. వచ్చే వారం విద్యుత్ పాఠం మొదలెట్టాలి, శ్రేణి, సమాంతర సంధానాలు దీని మీద చూపిద్దామని ఉంది. దారి చెప్పండి.

టెక్కలి రిపేర్లు:
మాస్టారూ, ప్యానెల్‌కి ఎదురుగా తూర్పు కిటికీ గానీ ఉందా?

మెళియాపుట్టి సైన్స్ మాస్టారు:
ఉందండి, సరిగ్గా ఎదురు గోడకే. పొద్దున్న ఎండ నేరుగా పడుతుంది.

టెక్కలి రిపేర్లు:
అయితే అదే అయ్యుంటుంది. బడుల్లో ఉండే ఈ పెద్ద ప్యానెళ్ళలో చాలావాటికి టచ్ అద్దంలో ఉండదండి, చుట్టూ ఉన్న ఫ్రేమ్‌లో ఉంటుంది. ఒక అంచు నుంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతి బయల్దేరి ఎదుటి అంచులో ఉన్న సెన్సర్ల మీద పడుతూ ఉంటుంది, మనకి కనబడదు. వేలు అడ్డొస్తే అక్కడ కాంతి తెగుతుంది, తెగినచోటే ముట్టారని ప్యానెల్ లెక్క వేసుకుంటుంది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది కాబట్టి అది నేరుగా ఫ్రేమ్ మీద పడితే సెన్సర్లకి లెక్క తప్పుతుంది. ముందు ఆ కిటికీకి మందపాటి కర్టెన్ వెయ్యండి, లేదంటే పాత ఫ్లెక్సీ ఉంటే కట్టేయండి, చాలు.

ఇంకోటి, పక్కనే సుద్దముక్కతో రాసే బోర్డు ఉంటే ఆ పొడి అంతా కింది అంచులో పేరుకుంటుంది. సెలవుల తర్వాత అయితే మూలల్లో సాలీడు గూళ్ళు కూడా. గోడ దగ్గర స్విచ్ ఆపేసి, పెయింట్ వేసే మెత్తటి కొత్త బ్రష్‌తో నాలుగంచులూ దులిపి, పొడిగుడ్డతో తుడవండి. నీళ్ళు గానీ కొలిన్ గానీ నేరుగా కొట్టొద్దు, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. చొక్కా చెయ్యి, చీర కొంగు తగిలినా దానికి వేలు తగిలినట్టే, అది కూడా చూసుకోండి.

బొబ్బిలి లెక్కల టీచర్:
టచ్ సంగతి తేలింది కదా, నెట్ సంగతి నేను చెప్తాను. పాఠం వేళకి నెట్ ఉండాలి అన్న ఆలోచనే వదిలేయండి మాస్టారూ. సిగ్నల్ ఉన్నచోట ముందే దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళండి. మీ పాఠానికి ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీదే బొమ్మలు కదుపుతూ చేసే ప్రయోగాలు, సరిగ్గా సరిపోతాయి. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళవి, భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు, పైసా ఖర్చు లేదు. అందులో సర్క్యూట్ కట్టే సిమ్యులేషన్ ఉంది, డీసీ అని ఉన్నది తీసుకోండి. డౌన్‌లోడ్ నొక్కితే ఒకే ఒక్క ఫైల్ వస్తుంది, తర్వాత నెట్ అక్కర్లేదు. అనువాదాల జాబితాలో తెలుగు కూడా ఉంటుంది, మీక్కావలసిన దానికి ఉందో లేదో అక్కడ చూసుకోండి.

ప్యానెల్ ఆండ్రాయిడ్‌దైతే చిన్న తిరకాసు. ఆ ఫైల్ మీద నొక్కగానే హెచ్‌టీఎంఎల్ వ్యూయర్ అనేది తెరుచుకుని ఖాళీ తెర చూపించొచ్చు. 'ఓపెన్ విత్' లో క్రోమ్ ఎంచుకోండి. అప్పటికీ రాకపోతే కుస్తీ పట్టొద్దు, లాప్‌టాప్ తగిలించేయండి.

ఇక క్లాసులో ఏం చెయ్యాలంటే, నా మటుకు నేను తెర ముట్టకముందే పిల్లల చేత నోట్సులో రాయిస్తాను. ఒక బ్యాటరీ, రెండు బల్బులు వరసగా, అంటే శ్రేణిలో, కట్టి చూపించండి, కరెంటు ఇంకా ఇవ్వకండి. 'మొదటి బల్బుకి ముందు అమ్మీటర్ పెడితే ఎంత, రెండు బల్బుల మధ్య పెడితే ఎంత, ఎక్కువా తక్కువా సమానమా?' అని అడగండి. సగానికి పైగా 'మొదటి బల్బు కొంత తినేస్తుంది సార్, రెండోదానికి తక్కువ వస్తుంది' అంటారు, పుస్తకంలో సూత్రం వచ్చినవాళ్ళు కూడా అదే అంటారు. అప్పుడు స్విచ్ వేసి రెండుచోట్లా కొలిపించండి, అంకె ఒకటే వస్తుంది. ఆ ఒక్క నిమిషం కోసమే ఈ ప్యానెల్ అంతా.

ఎలక్ట్రాన్లు కనబడే సదుపాయం కూడా ఆన్ చెయ్యండి. బ్యాటరీ నుంచి బయల్దేరి బల్బు దాకా నడిచొస్తాయని పిల్లల ఊహ. స్విచ్ వెయ్యగానే తీగంతా ఉన్నవి ఒక్కసారే కదలడం కనిపిస్తుంది, పెడల్ తొక్కితే సైకిల్ చైన్ మొత్తం కదిలినట్టు. తర్వాత ఒక బల్బు పీకేయండి, రెండోదీ ఆరిపోతుంది. అదే సమాంతరంగా కట్టించి పీకించండి, రెండోది వెలుగుతూనే ఉంటుంది. మన ఇళ్ళల్లో ఒక లైటు పోతే ఫ్యాన్ ఎందుకు ఆగదో వాళ్ళే చెప్తారు, మీరు నోరు విప్పక్కర్లేదు.

విజయనగరం రిటైర్డ్ మాస్టారు:
రెండు టార్చి బల్బులు, రెండు సెల్లులు, మూరెడు వైరు ఉంటే ఇదంతా బల్ల మీదే అయిపోతుంది కదా నాయనా. మేం అలాగే చెప్పాం.

బొబ్బిలి లెక్కల టీచర్:
నిజమే మాస్టారూ, నిజం బల్బు వెలిగితే వచ్చే ఆనందం తెర మీద రాదు. ముందు మీరన్నట్టు బల్ల మీదే చెయ్యాలి. కానీ ఎలక్ట్రాన్ అక్కడ కనబడదు, నలభైమందికి సరిపడా అమ్మీటర్లు మా ల్యాబ్‌లో లేవు. అందుకని రెండూ. లెక్కల సాధన మాత్రం నేను బోర్డు మీదే చేస్తాను, ప్యానెల్ మీద రెడీగా వచ్చేస్తే పిల్లలు కాపీ కొట్టుకుంటారు తప్ప ఆలోచించరు.

చీపురుపల్లి సోషల్ మేడమ్:
నాదొక చిన్న మాట. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి కదా, ప్రభుత్వం వాళ్ళ దీక్ష యాప్‌తో స్కాన్ చేసి వీడియో డౌన్‌లోడ్ పెట్టుకుంటే తర్వాత ఫోన్‌లో నెట్ లేకుండానే నడుస్తుంది. ఫోన్ తెరని ప్యానెల్ మీదకి పంపాలంటే రెండూ ఒకే వైఫైలో ఉండాలి అంటారు, మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ప్యానెల్‌ని దానికి కలపండి. డేటా ఆఫ్‌లో ఉన్నా చాలా ప్యానెళ్ళలో పనిచేస్తుంది. అయితే మూడు నాలుగు నిమిషాలకి ఒకసారి వీడియో ఆపి ప్రశ్న వెయ్యండి, లేకపోతే అది టీవీ అయిపోతుంది, వెనక బెంచీలో నిద్ర మొదలు.

మెళియాపుట్టి సైన్స్ మాస్టారు:
చాలా థాంక్సండీ అందరికీ. కిటికీకి పాత ఫ్లెక్సీ కట్టించాం, బ్రష్‌తో దులిపితే గుప్పెడు సుద్దపొడి రాలింది, ఈ రోజు మొదటి పీరియడ్‌లో గీతలు పడలేదు. ఫైల్ మాత్రం ప్యానెల్‌లో తెరుచుకోలేదు, క్రోమ్‌లోనూ రాలేదు. లాప్‌టాప్ నుంచి ప్యానెల్‌కి హెచ్‌డీఎంఐ తీగ పెడితే బొమ్మ వస్తోంది గానీ తెర మీద వేలు పెడితే ఏమీ కదలట్లేదు. ఇదేం కర్మ?

టెక్కలి రిపేర్లు:
హెచ్‌డీఎంఐ బొమ్మనీ శబ్దాన్నీ మోస్తుంది, అంతే మాస్టారూ. మీ వేలు ఎక్కడ పడిందో లాప్‌టాప్‌కి తెలియాలంటే ఇంకో తీగ కావాలి. ప్యానెల్ పక్కన హెచ్‌డీఎంఐ దగ్గరే 'టచ్' అని రాసి ఉన్న రంధ్రం చూడండి, చాలావాటిలో చదరంగా ఉంటుంది. పలాసలో ఏ కంప్యూటర్ షాపులోనైనా ప్రింటర్ కేబుల్ అని అడగండి, అదే. ఒక కొస ప్యానెల్‌కి, రెండోది లాప్‌టాప్ యూఎస్‌బీకి. ఐదు మీటర్లకి మించింది మాత్రం కొనొద్దు, పొడవు ఎక్కువైతే టచ్ మళ్ళీ ఆగి ఆగి పనిచేస్తుంది. హెచ్‌డీఎంఐ వన్‌లో పెడితే టచ్ వన్‌లోనే పెట్టండి, అవి జతలు.