అప్‌డేట్: కాలు ముట్టుకోనివ్వని అడవి గాడిద

అరిజోనాలో బీఎల్ఎం (అడవి గాడిదల్ని దత్తతకిచ్చే అమెరికా ప్రభుత్వ భూముల సంస్థ) నుంచి దత్తత తెచ్చుకున్న మా గాడిద మెడకు తాడు కట్టనిస్తుంది, వెనక కాలు ముడితే మాత్రం తన్నేస్తోందని అడిగాను కదా. సమస్య తీరింది, అందరికీ థాంక్స్.

“ముందు వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి” అన్నవాళ్లే కరెక్ట్. గిట్ట లోపల చీము పట్టింది. అడుగున కాస్త చెక్కగానే నల్లగా, కంపు కొడుతూ కారింది. నొప్పి తగ్గాక మెత్తని తాడు చిట్కా పనిచేసింది: కాలికి తాడు చుట్టి మెల్లగా లాగాలి, అది ఆ కాలి మీద బరువు తీసిన క్షణమే తాడు వదులు చేయాలి. భయమేస్తే ఇది గుర్రంలా పరిగెత్తదు, బిగుసుకుపోతుంది. అలా కదలకుండా నిలబడితే లొంగిందనుకోకండి!

దాణా మార్చమన్న సలహా, మెడ మీది ఫ్రీజ్ మార్క్ (అతి చల్లని ముద్రతో వేసే గుర్తు) నొప్పేమో అన్న అనుమానం, రెండూ సంబంధం లేనివే. ఏడాది నిండి టైటిల్ (యాజమాన్య పత్రం) వచ్చేదాకా ఇది ప్రభుత్వానిదే కాబట్టి డాక్టర్ కాగితాలు జాగ్రత్తగా ఉంచుకున్నాను.