35 ఉన్న చోట 45 వేయించవచ్చా? కారు బ్యాటరీ మార్పిడిపై చర్చ

పటమట ప్రయాణికుడు

విజయవాడ నుంచి నమస్కారం. మాది 2017లో కొన్న పెట్రోల్ స్విఫ్ట్. బండితో పాటు వచ్చిన బ్యాటరీ నాలుగున్నరేళ్లు ఏ ఇబ్బందీ పెట్టకుండా నడిచింది గాని, ఆ తరువాత వేయించినది రెండేళ్ల ఎనిమిది నెలలకే చేతులెత్తేసింది. పోయిన సోమవారం ఉదయం తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద దీపాలు వెలిగాయి, బానెట్ కింద టక్ టక్ మని చప్పుడు వచ్చింది, అంతకు మించి సెల్ఫ్ తీసుకోలేదు. పక్కింటివారి బండి నుంచి జంపర్ కేబుల్ వేసి స్టార్ట్ చేసుకుని ఒక బ్యాటరీల దుకాణానికి వెళ్లాను.

పాతది 38బీ20ఎల్, అంటే 35 ఆంపియర్ అవర్‌ది (బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత అది). ఏసీ, డ్యాష్‌క్యామ్, బయట బిగించుకున్న మ్యూజిక్ సిస్టమ్ ఇన్ని ఉన్నప్పుడు 35 చాలదనీ, 45 వేసుకుంటే అయిదేళ్లు చూసుకోనక్కర లేదనీ దుకాణంవారు చెప్పారు. పాతది ఇచ్చేస్తే 35కు 4,500 రూపాయలు, 45కు 5,800 రూపాయలు. సర్వీస్ సెంటరులో అడిగితే, 45 వేస్తే సెల్ఫ్ మోటారు, డైనమో రెండూ కాలిపోతాయని భయపెట్టారు. ఈ ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. నా వాడకం చాలా తక్కువ. ఆఫీసు 3 కిలోమీటర్ల దూరం, రానూపోనూ కలిపి 20 నిమిషాల ప్రయాణం. శని, ఆదివారాల్లో బండి కదలదు. నిలిపే చోట నీడ లేదు.

ఖమ్మం షెడ్డు

ముప్ఫై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నవాడిగా ముందు ఒక భయం తీర్చేస్తాను. 45 వేస్తే సెల్ఫ్ మోటారు కాలిపోతుందన్నది ఉత్తమాట. మోటారు తనకు కావలసినంత కరెంటునే లాగుతుంది గాని, బ్యాటరీలో ఎంత ఉంటే అంత మింగదు. చెరువు పెద్దదైనంత మాత్రాన మీ బిందెలో పట్టే నీళ్లు పెరగవు కదా! డైనమో సంగతీ అంతే. వాడుకున్నంత తిరిగి నింపడమే దాని పని, ఖాళీ అయిన 5 ఆంపియర్ అవర్లు 35లోవైనా 45లోవైనా దానికి ఒకటే. నా దగ్గరికి వచ్చే ట్యాక్సీలకు ఎన్నింటికో ఇలాగే వేశాను, ఒక్క డైనమో కూడా ఆ కారణంగా పోలేదు. తేడా 1,300 రూపాయలే కాబట్టి 45 వేయించుకోండి, నిశ్చింతగా ఉంటారు.

లెక్కల పంతులు, హనుమకొండ

షెడ్డు అన్నగారు సెల్ఫ్ గురించీ, డైనమో గురించీ చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. ముగింపుతో మాత్రం ఏకీభవించలేను, ఎందుకంటే పాత బ్యాటరీ ఎందుకు పోయిందన్న ప్రశ్న ఎవరూ వేయకముందే కొత్తది ఎంత పెద్దదుండాలన్న చర్చ మొదలైంది.

దుకాణంవారి వాదనలో ఏసీని పక్కన పెట్టేయవచ్చు. దాని కంప్రెసర్‌ను తిప్పేది ఇంజన్ బెల్టు. గాలి కొట్టే బ్లోయరుకు కరెంటు కావాలి గాని, ఇంజన్ నడుస్తున్నంతసేపూ దాన్ని ఇచ్చేది ప్రధానంగా ఆల్టర్నేటరే, అంటే మీరు డైనమో అంటున్నదే. బ్యాటరీ మీద నిజంగా భారం పడేది ఇంజన్ ఆగి ఉన్నప్పుడు, అందువల్ల అడగవలసిన ప్రశ్న బండి నిద్రపోతున్నప్పుడు ఎంత కరెంటు పోతోందని.

రెండోది ఎండ. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు రెండింతలవుతుందని స్థూలంగా చెప్పే లెక్క ఒకటి ఉంది. మే నెలలో నీడ లేని చోట నిలిపిన బండి బానెట్ కింద బ్యాటరీ ఎంత ఉడుకుతుందో చేయి పెట్టి చూసినవారికి చెప్పనక్కర లేదు. ఆ వేడికి పాజిటివ్ పలకలలోని సీసపు జాలీ లోలోపలే తినుకుపోతుంది, యాసిడ్‌లోని నీరు తగ్గిపోతుంది. బ్యాటరీ 35దైనా 45దైనా ఆ తినుకుపోవడం ఆగదు, కాబట్టి ఎండ వల్ల పోయే బ్యాటరీకి సైజు మందు కాదు.

మూడోది కొలత. 38బీ20ఎల్ అనే పేరులో 38 శక్తిని తెలిపే అంకె, బీ అన్నది వెడల్పు, ఎత్తుల తరగతి, 20 అన్నది సెంటీమీటర్లలో సుమారు పొడవు, చివరి ఎల్ అన్నది టెర్మినల్ ఏ వైపు ఉందో చెప్పే అక్షరం. దుకాణంలో 45 అని ఇచ్చేది సాధారణంగా బీ24 రకం, అంటే అదే వెడల్పుతో 4 సెంటీమీటర్ల పొడవు ఎక్కువ. మీ ట్రే బీ20కి సరిపడా మాత్రమే ఉంటే ఆ 4 సెంటీమీటర్లు గాలిలో ఉంటాయి, పైనుంచి అదిమే కడ్డీ సరిగా కూర్చోదు. గతుకుల్లో అదిరే బ్యాటరీ పలకల మీది పూత రాలిపోతుంది. దీనికి తోడు పేరు చివర ఎస్ అని ఉంటే, ఉదాహరణకు 55బీ24ఎల్ఎస్, దాని టెర్మినళ్లు లావు రకం. మీ కేబుల్ క్లిప్పులు సన్న టెర్మినళ్ల కోసం చేసినవైతే వాటికి ఎక్కవు, కొందరు క్లిప్పును సాగదీసి సుత్తితో కొట్టి ఎక్కిస్తారు గాని, ఆ పని నా కళ్ల ముందు చేయనివ్వను.

డెస్ మొయిన్స్ నుంచి

నేను గుంటూరువాడిని, మొదట అరిజోనాలో ఉండి తరువాత అయోవాకు మారాను. ఎండలు మండే అక్కడి ఫీనిక్స్‌లో నా బండి బ్యాటరీ మూడేళ్లు నిండకుండానే పోయింది, అలాంటిదే చలి ఎక్కువుండే ఇక్కడ ఆరేళ్లు నడిచింది. చలి బ్యాటరీని చంపుతుందని అందరూ అనుకుంటారు గాని, చంపేది వేసవి, ఆ సంగతి బయటపెట్టేది చలికాలం. పంతులుగారి రెండో మాటకు నా అనుభవం సాక్ష్యం.

ఇక్కడ బ్యాటరీ కొనేటప్పుడు సీసీఏ అనే అంకె చూస్తాం. సున్నా ఫారన్‌హీట్, అంటే మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు 7.2 వోల్టులకు తగ్గకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే అంకె అది. విజయవాడలో ఆ చలి ఎన్నడూ రాదు గనక ఆ అంకె కోసం అక్కడ అదనంగా డబ్బు పెట్టడం దండగ.

ఖమ్మం షెడ్డు

పంతులుగారూ, ట్రే విషయంలో మీ మాట నిజమే, నేను తొందరపడి రాశాను. కొన్ని మోడళ్లలో ట్రేకు రెండు కొలతల గుర్తులూ ఉంటాయి, కొన్నింటిలో ఉండవు, టేపు పెట్టి కొలవకుండా ఎవరూ కొనకూడదు. లావు టెర్మినళ్లకు సుత్తి పని నేనూ చేయను, క్లిప్పే మార్చేస్తాను.

అయితే సైజు వల్ల లాభమే లేదంటే ఒప్పుకోను. బండి నిలిచి ఉన్నప్పుడు 50 మిల్లీ ఆంపియర్లు పోతున్నాయనుకోండి, రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. 35 రకం రెండు వారాలకు సగానికి దిగుతుంది, 45 రకం మరో నాలుగు రోజులు ఆగుతుంది. పండుగకు ఊరెళ్లి వచ్చిన మనిషికి ఆ నాలుగు రోజులే సెల్ఫ్ కొట్టడానికీ, బండి తోయించుకోవడానికీ మధ్య ఉన్న తేడా. పైగా అదే వాడకానికి పెద్ద బ్యాటరీ తక్కువ లోతుకు దిగుతుంది, తక్కువ దిగిన బ్యాటరీ ఎక్కువ కాలం బతుకుతుంది. ఇది నా షెడ్డులో ఏళ్ల తరబడి చూసిన విషయం.

లెక్కల పంతులు, హనుమకొండ

మీరు చెప్పిన లెక్కలో తప్పు లేదు. అయితే అది ఊరెళ్లి వచ్చి మళ్లీ దూరాలు తిరిగే బండికి వర్తించినట్టు రోజుకు 20 నిమిషాలు నడిచే బండికి వర్తించదు. ఏసీ, హెడ్‌లైట్లు వేసుకుని ట్రాఫిక్‌లో ఆగుతూ నడిచే ఆ 20 నిమిషాల్లో బ్యాటరీలోకి చేరేది మహా అయితే రెండు మూడు ఆంపియర్ అవర్లు. నిలిచి ఉన్నప్పుడు పోయేది కూడా దాదాపు అంతే అయితే, వారాంతపు రెండు రోజుల లోటు ఎప్పటికీ పూడదు. రాబడి చాలని ఇంట్లో ఇనప్పెట్టె పెద్దది చేయించినట్టుంటుంది 45 వేయించడం. సగం చార్జి మీద నెలల తరబడి ఉండే బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టి పలుకులుగా పేరుకుని, ఆ తరువాత చార్జి పెట్టినా కరగదు. రెండేళ్ల ఎనిమిది నెలలకు పోవడానికి ఎండ కంటే ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

పటమట సోదరా, రూపాయి ఖర్చు చేయకముందు రెండు కొలతలు తీసుకోండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటరు పెడితే 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపాలి, అలా చూపితే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. తరువాత ఇంజన్ ఆపి, తలుపులన్నీ మూసి, తాళంచెవిని బండికి దూరంగా పెట్టి, ముప్పావు గంట ఆగి నెగటివ్ కేబుల్‌కూ టెర్మినల్‌కూ మధ్య వరుసలో మీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి చూడండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఎక్కడో కరెంటు కారుతోందన్నమాట. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొడితే మీటరే పోతుంది.

కాకినాడ కాలనీ

ఒక చిన్న మాట చేరుస్తాను. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తాను ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే బండి ఉన్నవారు ఈ చర్చను తమకు అన్వయించుకోవద్దు. వాటికి మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే ఈఎఫ్‌బీ, ఏజీఎం అనే రకాల్లో కంపెనీ ఏది వేస్తే అదే వేయాలి, మామూలు రకం వేస్తే తొందరగా పోతుంది.

ఇంకో సంగతి, మీ పాత బ్యాటరీకి వారంటీ ఉందేమో చూశారా? 24+24 నెలలదైతే మీరు 32వ నెలలో ఉన్నారు. మొదటి 24 నెలల్లో పోతే ఉచితంగా మారుస్తారు, తరువాతి 24లో కొంత తగ్గింపు ఇస్తారు. నాకు ఒకసారి ఆ తగ్గింపు వచ్చింది గాని, దాన్ని ఎమ్మార్పీ మీద లెక్కగట్టారు. దుకాణంలో ఎవరడిగినా ఎమ్మార్పీ కంటే అంత తక్కువకే ఇస్తున్నారు, పైగా వారంటీలో పాత బ్యాటరీ కంపెనీకి పోతుంది గనక దాని తుక్కు విలువ నాకు దక్కలేదు. కాగితం మీద 48 నెలలు అని ఉన్నా, దాంట్లో కొనుగోలుదారుడికి నిజంగా పనికొచ్చేది మొదటి అంకే.

ఖమ్మం షెడ్డు

వారంటీ సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. కొనేవారు పెద్ద అంకె చూస్తారు, ప్లస్ గుర్తుకు ముందున్న అంకె చూడరు. అలాగే తయారీ తేదీ అడగరు. మా కరకంబాడి అమరాన్ గొప్పదా, కలకత్తా ఎక్సైడ్ గొప్పదా అని గంటసేపు వాదించుకుంటారు గాని, ఎనిమిది నెలలుగా దుకాణం ముందు ఎండలో మగ్గిన గొప్ప బ్యాటరీ కంటే మొన్ననే వచ్చిన మామూలు బ్యాటరీ మేలు. వాడకుండా ఉంచినా బ్యాటరీ తనంతట తాను దిగుతూనే ఉంటుంది. మూడు నెలలు దాటినది నేనైతే తీసుకోను, తీసుకున్నా ముందు వోల్టేజి చూస్తాను. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగానికి దిగినట్టు.

పటమట ప్రయాణికుడు

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలిపించి, పాత బ్యాటరీకి రాత్రంతా చార్జి పెట్టించి కొలతలు తీయించాను. ఆల్టర్నేటర్ 14.2 చూపింది, దానికేమీ కాలేదు. నిలిచి ఉన్నప్పుడు మాత్రం ముప్పావు గంట తరువాత కూడా 90 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఆగిపోయింది. ఒక్కొక్క ఫ్యూజు తీసి చూస్తే, రెండేళ్ల కిందట బిగించిన డ్యాష్‌క్యామ్ ఉన్న ఫ్యూజు దగ్గర అంకె ఒక్కసారిగా 25కు పడింది. తాళంతో ఆరిపోయే లైనుకు ఇవ్వవలసిన దాన్ని ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకు ఇచ్చారట. అంటే రోజుకు ఒకటిన్నర ఆంపియర్ అవర్లకు పైగా, నేను నిద్రపోతున్నప్పుడు ఎదురింటి గోడను వీడియో తీయడానికి ఖర్చవుతోంది! ఆ వైరు మార్పించాను.

ట్రే కూడా కొలిచాను. బీ24 పెట్టాలంటే ట్రే, కడ్డీ రెండూ మార్చాలి. అందుకని 35 రకమే, అదే 38బీ20ఎల్ తీసుకున్నాను. షెడ్డు అన్నగారు నొచ్చుకోకూడదు. దుకాణంలో ముందు వరుసలోది ఇవ్వబోతే తేదీ అడిగాను, అది అయిదు నెలల కిందటిది. లోపలి నుంచి మూడు వారాల కిందటిది తెచ్చి ఇచ్చారు, 12.6 చూపింది.

ఖమ్మం షెడ్డు

నొచ్చుకోవడానికి ఏముంది తమ్ముడూ, కరెంటు కారే చోటు దొరికిన తరువాత మీ వాడకానికి 35 చాలు. రాత్రింబవళ్లు ఆగి ఎదురుచూసే ట్యాక్సీ అయితే, ట్రే కుదిరితే, ఇప్పటికీ 45 వేయమనే అంటాను, పంతులుగారు ఎన్ని లెక్కలు చూపినా సరే. విప్పేటప్పుడు నెగటివ్ ముందు తీశారా? పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు రాలతాయి.

లెక్కల పంతులు, హనుమకొండ

ట్యాక్సీ విషయంలో నేనూ కాదనను, దాని రాబడి వేరు. పటమట సోదరుడు వారానికి ఒకసారి గన్నవరం దాకా వెళ్లి వస్తే, ఆ అరగంట, ముప్పావు గంట ప్రయాణం బ్యాటరీకి ఏ చార్జరూ చేయనంత మేలు చేస్తుంది. పై కడ్డీ నట్టు బిగించారో లేదో కూడా చూసుకోండి, హడావిడిలో చాలామంది దాన్ని వదిలేస్తారు.

పటమట ప్రయాణికుడు

నెగటివే ముందు తీశారు, నేను పక్కనే నిలబడి చూశాను. కడ్డీ మాత్రం చేత్తో కదిపితే కదిలింది. ఇప్పుడే 10 నంబరు స్పానర్‌తో బిగించి వచ్చాను.