ఆఫీసు ఎక్స్‌టెన్షన్‌ని సొంత మొబైల్‌కి ఫార్వర్డ్ చేసుకోనివ్వాలా?

పాతబోర్డు: మా ఆఫీసులో ఈపీఏబీఎక్స్, అంటే ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే బోర్డు, నేనే చూస్తాను. 120 ఎక్స్‌టెన్షన్లు, బయటి కాల్స్‌కి ఒకే పీఆర్ఐ లైను (ఒక్కో ఛానల్ మీద ఒక్కో కాల్ మోసే డిజిటల్ లైను). సాయంత్రం ఇంటికెళ్తూ ఎక్స్‌టెన్షన్‌ని తమ మొబైల్‌కి మళ్లించుకుంటామని సేల్స్ వాళ్లు అడిగారు. కుదరదన్నాను. మేనేజరు నా మీదే విసుక్కున్నారు. మీరేమంటారు?

బండిమీదసేల్స్: మీరే తప్పండీ. కస్టమర్ చేసిన కాల్ ఖాళీ కుర్చీ ముందు మోగుతుంటే ఆర్డరు పక్క కంపెనీకి పోతుంది. బోర్డులో ఉన్న సౌకర్యాన్ని దాచిపెట్టడం దేనికి?

పాతబోర్డు: దాచలేదండీ, లెక్క చూడండి. కస్టమర్ కాల్ ఒక ఛానల్ మీద లోపలికి వస్తుంది. దాన్ని మీ మొబైల్‌కి పంపాలంటే బోర్డు ఇంకో ఛానల్ మీద బయటికి డయల్ చేయాలి. మాట్లాడినంతసేపూ రెండూ బిజీయే. పీఆర్ఐలో మాటలకు 30 ఛానళ్లు. అలాంటి కాల్స్ 15 నడిస్తే పదహారో కస్టమర్‌కి ఎంగేజ్ టోనే. అదే పక్క ఎక్స్‌టెన్షన్‌కి మళ్లిస్తే రెండో ఛానల్ అక్కర్లేదు, అంతా బోర్డు లోపలే తిరుగుతుంది.

విజిటర్88: అసలు 2024లో గవర్నమెంటు కాల్ ఫార్వర్డింగ్ ఆపేసింది కదా?

పాతబోర్డు: అది వేరు. ఆ ఏప్రిల్ 15 నుంచి ఆపమన్నది మొబైల్లో *401# లాంటి కోడ్లతో పెట్టుకునేదాన్ని. ఆఫీసు బోర్డు సెట్టింగుతో దానికి సంబంధం లేదు.

సిప్‌సుబ్బి: ఛానళ్ల గొడవ పీఆర్ఐ వాళ్లదే అన్నా. సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే ఫోన్ లైను) ఉంటే బోర్డు 302, అంటే ‘ఈ కాల్‌ని ఫలానా నంబరుకి పంపు’, అని జవాబిచ్చి పక్కకు తప్పుకోవచ్చు, మిగతా దారి ప్రొవైడరే చూసుకుంటాడు. కాకపోతే ప్రొవైడర్ దానికి ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు. నాకు అంతకంటే పెద్ద చిక్కు నంబరు. మళ్లించిన కాల్‌కి మొబైల్ మీద చాలాసార్లు కస్టమర్ నంబరు కాకుండా కంపెనీ నంబరే పడుతుంది, ఎందుకంటే తాను ఇవ్వని నంబరును ఆపరేటర్ పంపనివ్వడు. మిస్ అయిందా, ఎవరికి తిరిగి చేయాలో తెలియదు.

బండిమీదసేల్స్: ఇది నిజమే, నాకూ రోజూ ఇదే తలనొప్పి. అయినా అసలు కాల్ రాకపోవడం కంటే నయం కదండీ.

సోమవారంబాధితుడు: నయమా! నేను ఇదివరకు పనిచేసిన చోట ఒక ఎక్స్‌టెన్షన్‌కి పిన్ 1234. శనివారం రాత్రి ఎవరో బయటి నుంచి డయల్ చేసి, దాన్ని ఏదో విదేశీ నంబరుకి ఫార్వర్డ్ పెట్టేశారు. ఇక మన నంబరుకి వచ్చిన ప్రతి కాలూ ఐఎస్‌డీయే, బిల్లు మనదే. సోమవారం వచ్చేసరికి నా ముఖంలో నెత్తురు లేదు. అప్పటినుంచి ఫార్వర్డ్ అంటేనే నాకు టెన్షన్.

సిప్‌సుబ్బి: దానికి ఫార్వర్డింగ్ మొత్తం ఆపక్కర్లేదు కదా. ఐఎస్‌డీ మూసేసి, ముందే రాసిపెట్టిన మొబైల్ నంబర్లకు మాత్రమే వదలండి. అన్ని కాల్సూ కాకుండా, ఎత్తకపోతే మాత్రమే పోయేలా పెట్టండి.

పాతబోర్డు: ఎత్తకపోతే అంటే 20 సెకన్లు ఆగాలి. ఆ తర్వాత మొబైల్ స్విచాఫ్ అయితే కస్టమర్ ఆ ప్రకటన విని పెట్టేస్తాడు, కాల్ మళ్లీ రిసెప్షన్‌కి తిరిగి రాదు. సరే, ఆరుగురికి మాత్రం ఇచ్చి నెలరోజులు చూస్తాను. బండిమీదసేల్స్ గారూ, మీ మొబైల్ ఛార్జింగ్ బాధ్యత మాత్రం మీదే.