కెనడా ఇంజనీర్ల ఇనుప ఉంగరం: ఒకే జవాబు వచ్చేలా క్విజ్ ప్రశ్న ఎలా రాయాలి?

ఇంజనీరింగ్ విద్యార్థుల క్విజ్‌కి ఈ ప్రశ్న అనుకున్నాం: "కూలిన క్యూబెక్ వంతెన ఇనుముతో చేసిన ఉంగరాన్ని ఏ దేశపు ఇంజనీర్లు ధరిస్తారు?" జవాబు కెనడా. చిక్కేమిటంటే, ప్రశ్నలోనే తప్పుంది. ఆ ఇనుముతో ఉంగరాలు చేశారన్నది పుకారే, అయినా చాలా క్విజ్ పుస్తకాల్లో అలాగే నడిచిపోతోంది.

వంతెన కూలడం మాత్రం నిజం. మధ్య స్పాన్‌ను (రెండు స్తంభాల నడుమ దూరాన్ని) 1,600 అడుగుల నుంచి 1,800కి పెంచారు గానీ, దాంతో పెరిగిన సొంత బరువును సరిగా లెక్కలోకి తీసుకోలేదు. 1907 ఆగస్టు 29న, కట్టడం సాగుతుండగానే, దక్షిణం వైపు కింది కమ్మీలు ఒత్తిడికి వంగిపోయి 75 మంది చనిపోయారు. వంతెనను మళ్లీ కడుతూ 1916లో మధ్య భాగాన్ని పైకెత్తుతుంటే అదీ నదిలో పడి మరో 13 మంది పోయారు.

లోహాన్ని ఆనవాలుగా ఇద్దామంటే, కెనడాలో ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీల్ ఉంగరాలూ ఇస్తున్నారు. "పనిచేసే చేతి చిటికెన వేలు" అందామంటే, 1970లో మొదలైన అమెరికా ఇంజనీర్ల ఉంగరమూ ఆ వేలికే. ఇక మిగిలింది కెనడాలో ఉంగరం తొడిగే 1925 నాటి తొలి వేడుక, దాని ప్రతిజ్ఞ రాసిన ఆంగ్ల రచయిత రడ్యార్డ్ కిప్లింగ్. కిప్లింగ్ పేరు చెబితే ప్రశ్న మరీ తేలికైపోతుందా? లేక ఉంగరం దేశాన్ని ప్రశ్నలోనే చెప్పేసి, ప్రతిజ్ఞ రాసిందెవరని అడగడం మేలా? క్విజ్‌లు నడిపిన అనుభవం ఉన్నవారు, మీరైతే ఎలా రాస్తారో పూర్తి వాక్యంగా రాసి పెట్టండి.