రోబో డిటెక్టివ్ కథలో నవ్వొస్తే మిస్టరీ పోయినట్టేనా?

తాళంచెవి:
సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ కథ, 1947లో అచ్చైన ‘లిటిల్ లాస్ట్ రోబోట్’ మళ్ళీ చదివాను. ఇది కామెడీ కథే, డిటెక్టివ్ కథ కాదు. విసిగిపోయిన ఉద్యోగి ఒకడు రోబోను నానా తిట్లూ తిట్టి ‘కనిపించకుండా పో’ అంటాడు. అది నిజంగానే పోయి, అచ్చం తనలాంటి 62 రోబోల మధ్య నిలబడుతుంది. అందరూ జుట్టు పీక్కుంటారు. నవ్వొచ్చింది. నవ్వొచ్చాక ఇంక భయమెక్కడ?

రాత్రిబడి:
63 కదా?

తాళంచెవి:
మిగతావి 62. దీంతో కలిపి 63.

గోదారిగట్టు:
తిట్టును ఆజ్ఞ అనుకోవడమే అక్కడ జోకు, అదే క్లూ కూడా. మామూలు దొంగ మాట వినక దాక్కుంటాడు, ఇది మాట విని దాక్కుంది. ఇక భయమంటారా, అసిమోవ్ రోబోలు మనిషికి హాని చేయకూడదన్న నియమంలోంచి, ప్రమాదం వస్తే చూస్తూ ఊరుకోకూడదన్న ముక్కను ఈ దాక్కున్న రోబోలో తీసేశారు. అది తెలిశాక నాకైతే నవ్వు రాలేదు.

తాళంచెవి:
మీకు రాలేదు, సరే. ఇలాంటి కథే నేనొకటి రాసి ఒక వారపత్రికకు పంపితే ‘హాస్యమో అపరాధ పరిశోధనో తేల్చుకోండి’ అని తిప్పి పంపారు. రెండూ కుదరవనేగా?

రాత్రిబడి:
కథలో 63 అనే ఉంటుంది.

తాళంచెవి:
అయ్యా, ఆ 63ని వదలరా!

గోదారిగట్టు:
పత్రికవాళ్ళ మీద కోపం అసిమోవ్ మీద చూపిస్తారేంటండీ?

తాళంచెవి:
మీలాంటివాళ్ళే అక్కడ కూర్చుని కథలు తిప్పి పంపేది.

గోదారిగట్టు:
ఆయనకీ అలాంటి ఎడిటరే తగిలాడు. సైన్స్ ఫిక్షన్‌లో డిటెక్టివ్ కథ కుదరదని జాన్ కాంప్‌బెల్ వాదన. చివర్లో ఏదో కొత్త యంత్రం తెచ్చి కేసు తేల్చేస్తే పాఠకుడికి అన్యాయం కదా! 1953లో సీరియల్‌గా వచ్చిన అసిమోవ్ నవల ‘కేవ్స్ ఆఫ్ స్టీల్’ దానికి జవాబు. రోబో ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందే చెప్పి మరీ హత్య కేసు నడిపాడు.

వానకోయిల:
అందులో డిటెక్టివ్ బేలీకి టెన్షన్, పక్కనున్న రోబో డానీల్‌కి చీమ కుట్టినట్టైనా ఉండదు. ఆ జంటే పెద్ద కామెడీ.

గోదారిగట్టు:
ఇంతకీ మీ కథలో దొంగ ఎవరండీ?

తాళంచెవి:
వంట రోబో. దాని వేలు తాళంచెవిలా మారుతుంది, బీరువా తీస్తుంది.

గోదారిగట్టు:
వేలు అలా మారుతుందని ఎక్కడ చెప్పారు?

తాళంచెవి:
చివరి పేజీలో.

రాత్రిబడి:
ఓహో.

తాళంచెవి:
ముందే చెబితే ఇంక సస్పెన్స్ ఏముంటుందండీ?